మీ ఊరు మరిచిన మనిషి చరిత్ర రాయడం: మొదటి మాట నుంచి అచ్చు దాకా

"మా ఊర్లో ఒక అవ్వ దళాలకు అన్నం మోసేదట. ఆమె గురించి రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. పాలమూరు వైపు నుంచి వచ్చే ప్రశ్న కొంచెం వేరు. "మా నాయన సాగర్ కట్ట మీద రాయి మోసిండు. ఆ కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మేమే రాసుకోవచ్చా?"

రాసుకోవచ్చు, రాయాలి కూడా. తెలంగాణ సాయుధ పోరాటంలో పేరు నిలిచిన ఐలమ్మకు, కొమరయ్యకు ఇప్పుడు విగ్రహాలున్నాయి. వాళ్ల పక్కన నడిచిన నీరడి (చెరువు నీళ్లు పంచే మనిషి), మంత్రసాని, చిట్టీలు చేరవేసిన పిల్లగాడు, శ్రీశైలం నీళ్లలో మునిగిన ఊరి మనిషి మాత్రం ఇంకా మాటల్లోనే ఉన్నారు. ఈ మార్గదర్శి వాళ్ల కోసం.

పని వరుస ఒక్కటే: ముందు మనుషులు, తర్వాత కాగితాలు, ఆ తర్వాత నేల. చాలామంది నేరుగా ఆఫీసుకు పోయి పహాణీ (ఊరి భూముల లెక్క) అడగడంతో మొదలుపెడతారు. ఆ పహాణీ వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది. 1948లో పదేళ్ల వయసున్న వాళ్లకు మాత్రం ఇప్పుడు తొంభై దగ్గరపడింది.

## 1. ఒక్క మనిషినే ఎంచుకోండి

"మా ఊరి చరిత్ర" అని మొదలుపెడితే ఏళ్లు గడిచినా తేలదు. ఒక్క మనిషి, ఒక్క పని, వీలైతే ఒక్క సంఘటన. అదే మీ హద్దు.

ఎవరిని ఎంచుకోవాలో తెలియకపోతే ఊరి పనుల వైపు నుంచి చూడండి. చెరువు తూము ఎవరు తెరిచేవారు? కాన్పులు ఎవరు చేసేవారు? గడీలో వెట్టికి ఏ ఇంటివాళ్లు పోయేవారు? ఊరి మొదటి బడి ఎవరి అరుగు మీద నడిచింది? బొంబాయికి కూలీలను తీసుకుపోయిన మొదటి గుంపు మేస్త్రి ఎవరు? ఈ ప్రశ్నల్లో ఏదో ఒకటి మిమ్మల్ని ఒక పేరు దగ్గరికి చేరుస్తుంది.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి:

- ఆ మనిషిని కళ్లారా చూసినవాళ్లు కనీసం ఇద్దరు బతికి ఉన్నారా?
- కుటుంబం మీరు రాయడానికి ఒప్పుకుంటుందా?
- ఆ పేరు చుట్టూ ఇప్పుడు భూమి గొడవ, కోర్టు కేసు ఏమైనా ఉందా? ఉంటే అది తేలేదాకా వేరే పేరు తీసుకోండి.

## 2. ఊరి వెనకటి చిరునామా తేల్చుకోండి

ఇది చిన్న పనే గానీ, చేయకపోతే కాగితాల దగ్గర నెలలు వృథా అవుతాయి.

ఇప్పటి జిల్లా పేరుతో పాత రికార్డు దొరకదు. 2016 అక్టోబర్ 11న నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019లో నారాయణపేట విడిగా ఏర్పడింది. దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న ప్రాణం వదిలిన కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకా. ఇప్పుడది జనగామ జిల్లా. కొమరయ్య కాలపు కాగితం వెతికేవాళ్లు నల్లగొండ అని అడగాలి.

రెండో సంగతి, నిజాం కాలంలో మీ ఊరు ఎవరి కింద ఉండేది? శిస్తు నేరుగా సర్కారుకు పోయే దివానీనా, నిజాం సొంత ఖర్చులకు పోయే సర్ఫేఖాసా, జాగీర్దారుకు పోయే జాగీరా, సంస్థానమా? పాలమూరులో గద్వాల, వనపర్తి, కొల్లాపురం కేంద్రంగా ఉన్న జటప్రోలు, ఆత్మకూరు కేంద్రంగా ఉన్న అమరచింత సంస్థానాల కింద చాలా ఊళ్లుండేవి. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. అంతకు ముందు ఆ ఊళ్ల శిస్తు లెక్కలు సర్కారు లెక్కలతో కలవకుండా వేరే చోట ఉండేవి. ఊరి పెద్దవాళ్లను "శిస్తు ఎవరికి కట్టేటోళ్లు?" అని అడిగితే చాలు, సగం తేలుతుంది.

నోటుబుక్కు మొదటి పేజీలో ఇవి రాయండి:

- ఊరు, శివారు పల్లెలు, ఊరికున్న పాత పేరు
- పాత తాలూకా, పాత జిల్లా, ఇప్పటి మండలం, జిల్లా
- దివానీ / సర్ఫేఖాస్ / జాగీరు / సంస్థానం
- దొర లేదా జాగీర్దారు ఉండే ఊరు
- పటేలు, పట్వారీ ఇళ్ల పేర్లు

## 3. సంచిలో ఏం ఉండాలి

ఖరీదైన సామాను అక్కర్లేదు. రికార్డింగ్ యాప్ ఉన్న ఫోను, చార్జింగ్ పవర్‌బ్యాంకు, రూళ్ల నోటుబుక్కు, రెండు పెన్నులు, ఫొటోలో కొలత కోసం ఒక స్కేలు, పాత కాగితాల కింద పరచడానికి తెల్లటి బట్ట. అంతే.

రికార్డు చేసేటప్పుడు ఫోను విమానం మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. పాత ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపించుకోవద్దు, నాణ్యత పోతుంది. డాక్యుమెంటుగా పంపండి. రికార్డింగు ఫైలుకు ఆ రోజే పేరు పెట్టండి: తేదీ, ఊరు, మాట్లాడినవాళ్ల పేరు. రెండు చోట్ల కాపీ ఉంచండి.

## 4. పెద్దవాళ్ల దగ్గర కూర్చోవడం

ఈ పని మొత్తానికి ఆయువుపట్టు ఇక్కడే ఉంది. తొందరపడొద్దు.

ఎప్పుడు పోవాలి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు పోవద్దు. ఎండాకాలం మంచిదే గానీ పొద్దున కరువు పనికి పోతారు. భోజనాలయ్యాక, టీవీ సీరియళ్లు మొదలుకాక ముందు దొరికే సమయం మేలు. ఫ్యాన్ కింద, బోరు మోటారు పక్కన కూర్చుంటే గొంతు వినపడదు. వేపచెట్టు నీడ నయం.

ఎక్కడ కూర్చోవాలి. వాళ్ల ఇంట్లోనే. మాదిగవాడ అవ్వను సర్పంచి ఇంటికో, పాత దొరల బంధువుల అరుగు మీదికో పిలిపించి మాట్లాడిస్తే ఆమె నోట అసలు మాట రాదు. పక్కన ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టి మాట మారుతుంది. అదే వాడకు చెందిన, ఆమె నమ్మే మనిషిని ఒకరిని వెంట తీసుకుపోండి. మొగవాళ్ల ముందు చెప్పలేని సంగతులుంటాయి. వాటికి ఆడవాళ్లే పోవాలి.

మొదట ఏం చెప్పాలి. మీరెవరో, ఎవరి బిడ్డో, ఎందుకు వచ్చారో చెప్పండి. పాత సంగతులు అడిగితే ఊర్లో మొదట వచ్చే అనుమానం భూమి గురించే. "భూమి కాగితాల కోసం రాలేదు తాతా, నీళ్లు కట్టిన ఆయన గురించి రాసుకుందామని వచ్చిన" అని తేటగా చెప్పండి. రికార్డు చేస్తున్నామని చెప్పి, సరేనన్నాకే ఫోను బయటికి తీయండి. ఆ ఒప్పుకోలు కూడా రికార్డింగులో ఉండాలి.

ఎట్లా అడగాలి. "మీరు సాయుధ పోరాటంలో ఏ పాత్ర పోషించారు?" అంటే ఎవరూ జవాబు చెప్పరు. చాలామంది ఆడవాళ్లు "నేనేం జేసిన బిడ్డా, వండి పెట్టిన, అంతే" అని ఊరుకుంటారు. అక్కడ ఆపితే మీ చరిత్ర కూడా అక్కడే ఆగిపోతుంది. ఆ వండి పెట్టడంలోకే దిగండి.

- అప్పటికి నీ పెండ్లయిందా అవ్వా? ఇంట్ల ఎవరెవరుండె?
- ఎంతమందికి వండేటోళ్లు? ఏ పొద్దు?
- గింజలు యాడికెల్లి వచ్చేటివి? మీ తిండికి మిగిలేదా?
- రాత్రి పొగ, మంట కనపడకుండ ఎట్ల జేసేది?
- సద్ది ఎవరు మోసేది, ఏ తొవ్వల?
- మిలిట్రీవాళ్లు వచ్చి అడిగితే ఏం చెప్పేది?

ఇట్లా అడిగితే ఆమె చేసిన పని ఎంత పెద్దదో ఆమె నోటే తెలుస్తుంది. కొలత, దారి, వేళ, సరుకు, మనిషి: ఈ అయిదూ అడగడం అలవాటు చేసుకోండి. నీరడి గురించైనా, మేస్త్రి గురించైనా ఇవే పనికొస్తాయి.

ఆమె మౌనంగా ఉంటే వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. ఆగండి. ఏడిస్తే రికార్డింగ్ ఆపాలా అని అడగండి. మానభంగాలు, ఇన్‌ఫార్మర్ల పేర్లు, ఇంటి గుట్లు బయటపడినప్పుడు "ఇది రాయమంటావా, వద్దా?" అని అక్కడికక్కడే అడగండి. వద్దంటే రాయొద్దు. ఆ మాట మీద తర్వాత బేరం లేదు.

రెండోసారి పోవడం తప్పనిసరి. మొదటిసారి ఊరంతా చెప్పుకునే కథే చెప్తారు. మీరు పోయాక రాత్రంతా వాళ్లకు గుర్తొస్తూ ఉంటుంది. అసలైన వివరాలు రెండోసారి వస్తాయి. పోయేటప్పుడు మొదటి రికార్డింగు కొంత వినిపించండి. తప్పులుంటే వాళ్లే దిద్దుతారు.

## 5. తేదీ అడగొద్దు, గుర్తు అడగండి

"ఏ సంవత్సరం?" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. తెలిసిన సంఘటనకు ముందా, తర్వాతా అని అడగండి. మన ప్రాంతానికి పనికొచ్చే గుర్తులు కొన్ని:

- రజాకార్ల కాలం: 1947-48
- పోలీసు యాక్షన్ (హైదరాబాద్ రాజ్యంలోకి భారత సైన్యం వచ్చినప్పుడు): 1948 సెప్టెంబర్ 13 నుంచి 17
- సాయుధ పోరాటం విరమణ: 1951 అక్టోబర్
- మొదటి ఓట్లు: 1952 (నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి గెలిచిన ఎన్నిక)
- నాగార్జునసాగర్ శంకుస్థాపన: 1955 డిసెంబర్ 10
- సాగర్ కాల్వల్లోకి నీళ్లు: 1967 ఆగస్టు
- ప్రత్యేక తెలంగాణ కొట్లాట: 1969
- ఆకాశం నుంచి స్కైలాబ్ (అమెరికా అంతరిక్ష కేంద్రం) పడుతుందని భయపడిన ఏడు: 1979 జూలై
- పట్టపగలు చీకటి పడిన సూర్యగ్రహణం: 1980 ఫిబ్రవరి 16
- పటేల్ పట్వారీల రద్దు: 1984
- ఇందిరాగాంధీ హత్య: 1984 అక్టోబర్ 31

ఊరికి కరెంటు, మొదటి బస్సు, మొదటి బోరు వచ్చిన ఏళ్లు మీరే విచారించి ఈ పట్టికకు కలుపుకోండి. దాన్ని ఒక కాగితం మీద రాసి సంచిలో ఉంచుకుంటే మాటల మధ్య తడుముకోరు.

నెల తెలియాలంటే పంట అడగండి. "జొన్న కోతకొచ్చిందా? వడ్లు ఈనినయా?" అంటే కాలం దొరుకుతుంది. వయసు కోసం పెళ్లి, మొదటి కాన్పు అడగండి.

పాత కాగితాల మీద ఫస్లీ సంవత్సరం (శిస్తు లెక్కలకు వాడిన ఏడు) ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం మొదలు వస్తుంది: 1357 ఫస్లీ అంటే 1947-48. నిజాం కాలపు ఫస్లీ అక్టోబర్‌లో మారేది కాబట్టి జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే జాగ్రత్త, అది అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. సర్వధారి అంటే 1948-49 కావచ్చు, 2008-09 కావచ్చు.

## 6. కథ చెప్పే కులాలను అడగండి

ఊరి చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసే మెట్టు ఇది. తెలంగాణలో చాలా కులాలకు తమ పుట్టుపూర్వోత్తరాలు, వంశాల పేర్లు నోటికి చెప్పే ఆశ్రిత కులాలున్నాయి. మాదిగలకు డక్కలి, చిందు, పద్మశాలీలకు కూనపులి, సాధనాశూరులు, గొల్లలకు మందహెచ్చులు, విశ్వకర్మలకు రుంజలు, ముదిరాజులకు కాకిపడగలు. ఏ ఊళ్లు ఎవరికి మిరాశో (తరతరాల హక్కో) వాళ్లలో వాళ్లకు పంపకం ఉంటుంది. మీరు రాసే మనిషి కులాన్ని బట్టి "మీకు ఎవరు వచ్చి కథ చెప్తారు, ఏ ఊరి నుంచి వస్తారు?" అని ఇంటివాళ్లను అడగండి.

పాలమూరులో పెద్దలను దోచి పేదలకు పెట్టినవాడిగా చెప్పుకునే పండుగ సాయన్న ఇంతకాలం జనం నోట నిలిచాడంటే కిన్నెర పాట చేసిన మేలు చాలా ఉంది. అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద ఆ కథ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

పాటను రికార్డు చేసేటప్పుడు మొత్తం పాడనివ్వండి. మధ్యలో ఆపి అర్థాలు అడిగితే వరుస తెగిపోతుంది, మళ్లీ మొదటికి వస్తారు. పాడించుకున్నందుకు కట్నం ఇవ్వండి. అది వాళ్ల బతుకుదెరువు. పాటలో పొగడ్త ఉంటుంది, సంఖ్యలు పెరుగుతాయి. ఊరి పేర్లు, గుట్టల పేర్లు, వంశంలో పేర్ల వరుస మాత్రం తరచూ ఆశ్చర్యపడేంత కచ్చితంగా ఉంటాయి. వాటిని విడిగా రాసుకోండి.

## 7. కాగితాల వెంట

ఇప్పుడు ఆఫీసులకు పోవచ్చు. చేతిలో పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, సుమారు కాలం, వీలైతే భూమి సర్వే నంబరు ఉండాలి. ఉత్త చేతులతో పోతే రికార్డు రూములో ఎవరూ సాయం చేయలేరు.

ఖాస్రా పహాణీ (1954-55). తెలంగాణ ఊళ్లకు ఇది ఆధారమైన రికార్డు. సర్వే నంబరు వారీగా పట్టాదారు, సాగులో ఉన్న మనిషి, ఇనాం రకం కనపడతాయి. మీ మనిషి నీరడి అయితే పట్టాదారు గడిలో వెతకొద్దు. ఇనాం భూములు చూడండి. నీరడికి, ఇతర ఊరి సేవకులకు జీతానికి బదులు ఇనాం భూమి ఉండేది. కౌలుదారు అయితే 1950 నాటి కౌలు చట్టం కింద రక్షిత కౌలుదారుల జాబితా అడగండి. దానికంటే వెనక్కి పోవాలంటే సేత్వార్ (పాత భూ సర్వే రిజిస్టరు) ఉంది.

తహసీల్ ఆఫీసులో మామూలుగా దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఊరు, సర్వే నంబరు, సంవత్సరం స్పష్టంగా రాయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "మా ఊరి పాత రికార్డులన్నీ" అని రాస్తే తిరిగి వస్తుంది.

చాలాచోట్ల ఈ కాగితాలు ఉర్దూలో, గొలుసుకట్టు రాతలో ఉంటాయి. బడిలో ఉర్దూ నేర్చుకున్నవాళ్లకు కూడా అవి వెంటనే అందవు. పాత దస్తావేజు లేఖరులు, వకీళ్ల దగ్గర పనిచేసిన పెద్ద గుమాస్తాలు, ఊరి మసీదులో చదువుకున్న పెద్దమనుషులు చదవగలరు. ఇద్దరితో విడివిడిగా చదివించండి. పేరు దగ్గర తేడా వస్తే రెండూ రాసుకోండి.

బడి రిజిస్టరు. పేరు, తండ్రి పేరు, కులం, చేరిన తేదీ ఉంటాయి. పుట్టిన తేదీని మాత్రం నమ్మొద్దు. వరుసగా జూన్ 1, జూలై 1 అని కనిపిస్తే అవి అయ్యవారు అంచనాగా వేసినవి.

చర్చి రిజిస్టర్లు. దేవరకొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో మెన్నొనైట్ బ్రెదరన్ మిషన్ పనిచేసింది. భూమి లేని, బడికి పోని దళిత కుటుంబాల పేర్లు సర్కారు కాగితంలో లేకపోయినా బాప్తిస్మం, పెళ్లి రిజిస్టర్లలో ఉండొచ్చు. ముందు పాస్టరు గారితో మాట్లాడి, ఆయన ఎదుటే చూడండి.

పింఛను ఫైళ్లు. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు పెట్టుకున్న దరఖాస్తుల కాపీలు చాలా ఇళ్లలో ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. జైలు సర్టిఫికెట్లు, సాక్షుల అఫిడవిట్లు వాటిలో దొరుకుతాయి. అవి పింఛను కోసం రాసినవి కాబట్టి ఇంకో ఆధారంతో సరిచూడాలి. పింఛను రాలేదు గనుక పోరాటంలో లేరనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. దరఖాస్తు పెట్టుకోవాలని కూడా చాలామంది ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ముంపు ఊళ్లకు. శ్రీశైలం జలాశయం కింద మునిగిన కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్లవాళ్లు భూసేకరణ అవార్డు (పరిహారం తేల్చిన ఉత్తర్వు) కాపీలు చూడాలి. ఇంటి యజమానుల పేర్లు, పరిహారం అందులో ఉంటాయి. సొంత భూమి, సొంత ఇల్లు లేని కుటుంబాలు అందులో కనపడవు. వాళ్ల కోసం పాత ఓటరు జాబితా, బడి రిజిస్టరు, చుట్టుపక్కల పునరావాస కాలనీల్లో పెద్దవాళ్లే దిక్కు. గుళ్లకు దక్కిన శ్రద్ధ మనుషులకు దక్కలేదన్నది నా బాధ. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. ఆ ఊరి పేదల ఇళ్ల వరస ఎట్లా ఉండేదో మాత్రం ఒకచోట గీసిపెట్టినవాళ్లు అరుదు. మీరు ముంపు ఊరివాళ్లయితే ముందుగా ఆ పటం గీయించండి. నలుగురు పెద్దవాళ్లను కూర్చోబెట్టి, నేల మీద సుద్దతో ఇళ్లు గీస్తూ పోతే పేర్లు వాటంతటవే వస్తాయి.

వలస కూలీలకు. గుంపు మేస్త్రి లెక్కల పుస్తకం, అడ్వాన్సు చీటీలు, పని చోటు నుంచి రాసిన ఉత్తరాలు, మనియార్డరు రసీదులు, గుంపుగా దిగిన ఫొటోల వెనక రాత. బొంబాయి పోయిన కుటుంబాలయితే అక్కడి బంధువులనూ ఫోన్లో అడగండి. కామాఠీపురకు ఆ పేరు వచ్చింది మన తెలుగు కూలీల వల్లే.

హైదరాబాద్‌లో. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 1926లో మొదలైన గోలకొండ పత్రిక పాత సంచికల్లో ఊళ్ల నుంచి వచ్చిన వార్తలు వెతకండి. 1961 జనగణనతో పాటు కొన్ని ఎంపిక చేసిన గ్రామాల మీద సర్వే పుస్తకాలు, జిల్లాల వారీగా జాతరలు, పండుగల సంపుటాలు అచ్చయ్యాయి. మీ ఊరు వాటిలో ఉంటే అదృష్టమే.

## 8. నేల మీద ఆనవాళ్లు

పెద్దమనిషిని వెంటబెట్టుకొని ఆ చోట్లకు నడవండి. ఇంట్లో గుర్తురాని సంగతి కట్ట మీద నిలబడితే గుర్తొస్తుంది. తూము, అలుగు, శిఖం (చెరువు లోపలి భూమి), కట్టమైసమ్మ గుడి, నీరడి నిలబడి నీళ్లు పంచిన చోటు, పొలాలకున్న పేర్లు అన్నీ రాసుకోండి. ఫోన్లో లొకేషన్ సేవ్ చేయండి. పూడికతీతలో, తూము మరమ్మతుల్లో పాత రాళ్లు పక్కకు పడి ఉంటాయి, కట్ట వెనకవైపు కూడా చూడండి.

రాళ్లు, శాసనాలు కనపడితే:

- పొద్దున లేదా సాయంత్రం ఏటవాలు ఎండలో, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి
- సున్నం, సుద్ద, రంగు, నూనె ఏదీ పూయొద్దు
- కదిలించొద్దు, కడగాలంటే మంచినీళ్లు చాలు
- ఊరి పంచాయతీకి, హెరిటేజ్ శాఖకు రాసి తెలపండి

ఒక హెచ్చరిక. నల్లగొండ, పాలమూరు ఊళ్లలో వీరగల్లులు (చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు) చాలా ఉన్నాయి. కత్తి, గుర్రం, పైన స్వర్గం బొమ్మ ఉంటే అది వందల ఏళ్ల నాటి రాయి. ఈ మధ్య కాలపు వీరుడి కథను ఆ రాయికి ముడిపెట్టడం మామూలుగా జరుగుతుంది. జనం చెప్పింది చెప్పినట్టు రాయండి, రాయి వయసు విడిగా రాయండి. పానగల్లు, అలంపురం మ్యూజియంలలో ఇలాంటి శిల్పాలను చూసి వస్తే పోల్చుకోవడం తేలికవుతుంది.

## 9. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసే దారి

ఒకే పేరు, ఇద్దరు మనుషులు. మల్లయ్య, సాయన్న, లచ్చమ్మ ప్రతి వాడలో ఉంటారు. ఇంటిపేరు, తండ్రి పేరు, వాడ మూడూ కలవకపోతే ఒకే మనిషి అనుకోవద్దు.

ఆడవాళ్లకు పేరు లేకపోవడం. ఊర్లో ఆమెను "నకిరేకలామె" అనో, "ఫలానోని పెండ్లాం" అనో పిలిచి ఉంటారు. పేరు అత్తగారింట్లో దొరకదు. పుట్టినూరికి పోయి అన్నదమ్ముల పిల్లలను అడగండి.

కాగితంలో తక్కువ చేసిన పేరు. పాత రికార్డుల్లో కింది కులాలవాళ్ల పేర్లు "ఎల్లిగాడు", "పోశిగ" అని రాసి ఉంటాయి. అది పట్వారీ రాత. కుటుంబం పిలిచే పేరుతోనే చరిత్ర రాయండి. రికార్డులో ఎట్లా ఉందో ఒకసారి చెప్తే చాలు.

అన్నీ రజాకార్ల మీద వేయడం. 1948 సెప్టెంబర్‌కు ముందు రజాకార్లు, నిజాం పోలీసులు. ఆ తర్వాత 1951 దాకా మిలిట్రీ క్యాంపులు. పెద్దవాళ్ల మాటల్లో ఈ రెండూ కలిసిపోతాయి. "పోలీసు యాక్షన్ అయినంకనా, ముందా?" అని ప్రతి సంఘటనకూ అడగండి. యాక్షన్ తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో ముస్లిం కుటుంబాల మీద జరిగిన దాడులను కేంద్ర ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ విచారించింది. మీ ఊరి ముస్లిం ఇళ్లకూ పోయి అడగండి. వాళ్లను వదిలేసిన ఊరి చరిత్ర సగమే.

ఒక్కరి మాట మీదే కట్టడం. ముఖ్యమైన ప్రతి సంగతికి రెండు ఆధారాలు ఉండాలి. ఇద్దరూ ఒకే మనిషి దగ్గర విన్నవాళ్లయితే అది ఒక్క ఆధారమే.

ఇష్టం లేని సంగతి దాచడం. మీ మనిషి చివర్లో దొరతో రాజీ పడి ఉండొచ్చు, దెబ్బలకు తాళలేక పేర్లు చెప్పి ఉండొచ్చు. కుటుంబంతో మాట్లాడి, ఏ పరిస్థితుల్లో జరిగిందో రాయండి. దాచి రాసింది తర్వాత బయటపడితే రాసిన మిగతా నిజాన్ని కూడా జనం నమ్మరు.

## 10. రాసేటప్పుడు

పొగడ్తలు తీసేయండి. "ఊరి కోసం జీవితాన్ని ధారపోసిన త్యాగమూర్తి" అన్న వాక్యంలో మనిషి కనపడడు. ఒక నీరడి గురించి ఇట్లా రాయవచ్చు:

"కట్టకు గండి పడబోయిన రాత్రి ఆయన తూములోకి దిగాడని ఇద్దరు చెప్పారు. ఇద్దరూ తండ్రుల నోట విన్నవాళ్లే. ఖాస్రా పహాణీలో ఆయన పేరు మీద నీరడి ఇనాం నమోదై ఉంది. వాన ఏ ఏడాదిదో తేలలేదు."

ఇందులో ఎవరు చూశారు, ఎవరు విన్నారు, కాగితం ఏమంది అన్నది విడివిడిగా ఉంది. చదివేవాళ్లు తమంతట తాము తూకం వేసుకోగలరు. మీ రచన అంతటా ఈ మూడింటికి మూడు తీర్ల మాటలు వాడండి: "కాగితంలో ఉంది", "చూసినవాళ్లు చెప్పారు", "విన్నవాళ్లు చెప్పారు".

పెద్దవాళ్ల మాటను కోట్ చేసేటప్పుడు వాళ్ల యాసలోనే ఉంచండి. "ఆయన వచ్చిండు, తూము తీసిండు" అన్నదాన్ని పుస్తక భాషలోకి మార్చితే ఆ గొంతు పోతుంది. అర్థం కాదనుకున్న పదం ఉంటే పక్కన ఒక మాటలో వివరించండి: తైబందీ, అంటే నీళ్లు తక్కువైన ఏడు ఎంత భూమికి పారించాలో ముందే నిర్ణయించుకోవడం.

పొడవు ఎంతైనా ఫరవాలేదు. నాలుగు పేజీలు గట్టిగా ఉంటే నలభై పేజీల కంటే మేలు.

## 11. బయటపెట్టే ముందు, పెట్టిన తర్వాత

- మొదటి కాపీ కుటుంబానికి చదివి వినిపించండి. చదవడం రానివాళ్లకు మీరే చదవండి.
- బతికి ఉన్నవాళ్ల ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు, సర్వే నంబర్లు అచ్చులో రాకుండా చూడండి.
- ఫొటోలకు యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. అసలు ఫొటో, అసలు కాగితం ఆ రోజే తిరిగి ఇచ్చేయండి.
- ఒక కాపీ ఊరి బడికి, ఒకటి శాఖా గ్రంథాలయానికి, ఒకటి కుటుంబానికి.
- రికార్డింగులు, అనుమతి ఉన్నంత మేరకు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎక్కించండి. ఫోను పోయినా గొంతు ఉంటుంది.

తెలుగు వికీపీడియాలో పెట్టాలనుకుంటే ఒక సంగతి తెలుసుకోండి. అక్కడ అచ్చయిన ఆధారం అడుగుతారు, నోటిమాట ఒక్కటే చాలదు. ముందు ఏదైనా పత్రికలోనో, చిన్న పుస్తకంగానో అచ్చు వేయించి తర్వాత పెట్టండి.

అచ్చయ్యాక ఎవరో ఒకరు వచ్చి "అట్ల కాదు, మా తాత చెప్పింది వేరే" అంటారు. వాళ్లతో వాదించకండి. కూర్చోబెట్టి వాళ్ల మాట కూడా రికార్డు చేసుకోండి. ప్రతి కాపీ మీద తేదీ, ఎన్నో ప్రతి అన్నది వేసి ఉంచితే, రెండో ప్రతిలో ఆ మాటను వాళ్ల పేరుతో చేర్చడం సులువు.